ఇంగితజ్ఞానము - భక్తి : భద్రాచల వృత్తాంతము బోధించు లోకధర్మము

శాస్త్రములు చదివినవానిని లోకము పండితుడని గౌరవించును. శాస్త్రము చదువకున్నను ఎక్కడ ఏమి పలుకవలెనో, ఎవరియెడ ఎట్లు మెలగవలెనో ఎరిగినవానిని 'ఇంగితము తెలిసినవాడు' అని ఆత్మీయతతో చెప్పుకొనును. ఎంత చదివినను ఆ ఎరుక లేనివానిని చూచి పెద్దలు 'చదువున్నది గాని ఇంగితము లేదు' అని నిట్టూర్చెదరు. ఈ చిన్న మాటలో గొప్ప తత్త్వవిచారము ఇమిడియున్నది. సామాన్య జనులందరియందును సహజముగ నుండు ఈ తెలివికి భగవద్భక్తిలో స్థానము కలదా? భక్తుడు దానిని దాటిపోవలెనా, లేక దానిని వెంటబెట్టుకొనియే స్వామి సన్నిధికి చేరవలెనా? ఈ ప్రశ్నకు గౌతమీ తీరమున వెలసిన భద్రాద్రి క్షేత్రము తన చరిత్ర ద్వారా చక్కని సమాధానము చెప్పుచున్నది.

ఇంగితమనగా నేమి?

'ఇంగితము' సంస్కృత పదము. ముఖకవళిక చేతను, చేష్ట చేతను వ్యక్తమగు మనోభావమని దాని అర్థము. ఎదుటివాడు నోరు విప్పి చెప్పకయే అతని హృదయమును గ్రహించుట ఇంగితజ్ఞానము. తెలుగువారు ఈ పదమును సామాన్య వివేకము అను అర్థమున వాడుకొనుటలో ఒక విశేషము కలదు. నిప్పు కాలుననియు, నీరు పల్లమునకు పారుననియు తెలియుట మాత్రమే వారి దృష్టిలో ఇంగితము కాదు. ఆకలితో వచ్చినవానిని కూర్చుండబెట్టి వేదాంతము చెప్పరాదని తెలియుటయు ఇంగితమే. అనగా తెలుగు వాడుకలో సామాన్య వివేకమునకు మొదటినుండియు నీతితో సంబంధము కలదు. పరుని మనస్సు నెరుగనివాడు తెలివిగలవాడైనను ఇంగితజ్ఞుడు కాడు.

దీనికి దగ్గరగా నుండు మాటలు మరి రెండు కలవు. అనుభవముచే లోకరీతి నెరుగుట లోకజ్ఞానము. ఆ ఎరుకను స్వలాభమునకు ఉపయోగించుకొను నేర్పునకు లౌక్యమని వ్యవహారము. ఇక 'నలుగురితో నారాయణా, గుంపుతో గోవిందా' అను సామెత మరియొక స్థితిని తెలుపుచున్నది. తాను విచారింపక నలుగురు అన్నదే తానును అనుట అది. భగవన్నామమే పలికినను, ఆ పలుకు గుంపును చూచి వచ్చినదే గాని గుండెలోనుండి వచ్చినది కాదని ఆ సామెత ఎత్తిపొడుచును. కావున నలుగురి మాటయంతయు ఇంగితము కాదు. లౌక్యమునకును ఇంగితమునకును గల భేదమును, గుంపు మాటకును లోకధర్మమునకును గల భేదమును ఎరుగుటయే ఈ విచారణలో ముఖ్యము.

తత్త్వవేత్తల విచారణ

ఈ విషయమై అన్య దేశముల తత్త్వవేత్తలును చిరకాలముగ విచారించిరి. కన్ను రూపమును, చెవి శబ్దమును వేరువేరుగ గ్రహింపగా, వాని నన్నిటిని ఒకచోట కూర్చి తెలిసికొను శక్తి యొకటి ప్రాణియందు కలదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పెను. పిమ్మట రోము దేశీయులు ఆ మాటకు సామాజికార్థమును చేర్చిరి. ఒక సమాజమున కలసి జీవించువారి నడుమ నుండు ఉమ్మడి ఎరుక అని వారి భావము. స్కాట్లండు దేశీయుడగు థామస్ రీడ్ 1764లో ప్రకటించిన గ్రంథమున, బాహ్యప్రపంచము ఉన్నదనుటకు తర్కమే ఆధారమని వాదించుట పొరపాటనియు, మానవులందరును సహజముగ నమ్ము మూలసత్యములను విడిచిన తత్త్వము నిలువజాలదనియు ప్రతిపాదించెను. 1776 జనవరిలో థామస్ పెయిన్ 'కామన్ సెన్స్' అను చిన్న పుస్తకమును అమెరికాలో ప్రకటించి, దూరముననున్న రాజు తమ నేల పాలించుట సామాన్య వివేకమునకు సరిపడునా యని సామాన్య జనులకు అర్థమగు భాషలో ప్రశ్నించెను. ఆ సంవత్సరమే జూలైలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది. సామాన్యుని తెలివికి రాజ్యములను కదలింపగల శక్తి కలదని ఇందువలన తెలియుచున్నది.

అయితే ఇటలీ దేశమున 20వ శతాబ్దిలో కారాగారవాసియైయుండి నోటు పుస్తకములు వ్రాసిన ఆంటోనియో గ్రాంషీ ఒక హెచ్చరిక చేసెను. లోకమున చెలామణి యగు సామాన్యాభిప్రాయములలో పాత నమ్మకములు, పాలకులు నేర్పిన మాటలు, నిజమైన అనుభవము కలగాపులగముగ నుండును. అందులో ఆరోగ్యకరమైన వివేకబీజము కలదు; దానిని ఏరి, పెంచవలెను. చెరిగిన చేటలో గింజ నిలిచి పొట్టు ఎగిరిపోవునట్లు, లోకాభిప్రాయమును విచారణ యనెడి చేటలో చెరుగవలెనని దీని తాత్పర్యము.

శ్రీభాష్యకారుల దృష్టి

వైష్ణవులకు ఈ విచారము కొత్తది కాదు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిలిపిన సిద్ధాంతము లోకానుభవమునకు గొప్ప గౌరవమిచ్చినది. కన్నులకు కనబడు జగత్తు, అందలి జీవులు, వారి సుఖదుఃఖములు సత్యములే. అవి యన్నియు భగవంతునికి శరీరభూతములని ఆచార్యుల ఉపదేశము. రైతు దున్ను పొలము, తల్లి వండు అన్నము, భక్తుడు సమర్పించు తులసిదళము ఏవియు మిథ్య కావు. భేదమును ఎరుగు సామాన్యుని అనుభవమును ప్రక్కకు నెట్టి తత్త్వమును స్థాపింప నవసరము లేదని వారి నిర్ణయము.

మరి భ్రాంతి మాటేమి? ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించువాడు లేడా? దీనికి ఆచార్యులు చెప్పిన సమాధానము యథార్థఖ్యాతి యని ప్రసిద్ధము. పంచభూతములు ఒకదానితో నొకటి కలసియుండుటచే చిప్పయందును వెండి యంశము స్వల్పముగ కలదు. దానిని చూచుట అబద్ధము కాదు. అధికముగనున్న చిప్ప యంశమును చూడకపోవుటయే లోపము. అందువలననే దానిని వెండిగ భావించి అంగడికి కొనిపోయినవాని వ్యవహారము చెల్లదు. శ్రీనివాసదాసుల యతీంద్రమతదీపిక మొదలగు సంప్రదాయ గ్రంథములలో ప్రమకు చెప్పబడిన లక్షణమును ఇచట గుర్తు చేసికొనవలెను. వస్తువు ఎట్లున్నదో అట్లు, వ్యవహారమునకు అనుగుణముగ నుండు జ్ఞానమే ప్రమ. జ్ఞానము తలలో మెరసిన చాలదు. నలుగురి నడుమ జరుగు వ్యవహారమున అది నిలువవలెను.

ఇందుండి ఒక నీతి లభించుచున్నది. మనుష్యుడు పొరపడునప్పుడు సాధారణముగ అతడు చూచినది పూర్తిగ అబద్ధము కాదు. చూడవలసినదానిలో కొంత చూడక విడిచియుండును. ఇరుగుపొరుగుల తగవులలోను, రాజ్యముల తగవులలోను ఎదుటివాడు అబద్ధమాడుచున్నాడని మొదటనే తీర్మానించుటకంటె, తనకు కనబడని యంశమేదో అతనికి కనబడుచున్నదేమో యని ఆగి ఆలోచించుట ఈ సిద్ధాంతము నెరిగినవానికి తగిన పని.

జాబాలి వాదము, శ్రీరాముని సమాధానము

సామాన్య వివేకము పేరుతో వచ్చు ప్రతి వాదమును అంగీకరింపవలెనా? వాల్మీకి మహర్షి అయోధ్యాకాండమున దీనికి దృష్టాంతము చూపెను. చిత్రకూటమున భరతుడు రాజ్యము స్వీకరింపుమని ప్రార్థించుచుండగా జాబాలి యను బ్రాహ్మణుడు శ్రీరామునితో లౌకికముగ వాదించెను. మనుష్యుడు ఒంటరిగ పుట్టి ఒంటరిగనే పోవును, తండ్రి మాట యను బంధమేమి, పోయినవారికి పెట్టిన అన్నము ఎవరికి చేరును, కనబడుదానిని గ్రహించి కనబడనిదానిని విడువుము, రాజ్యమేలుకొనుము అని ఆ వాదసారము. పైకి చూచిన అది ఎంత 'తెలివైన' మాట! లోకాయతమను పేరే ఇట్టి వాదము లోకమున ఎంత సులువుగ వ్యాపించునో తెలుపుచున్నది.

శ్రీరాముడు ఆ వాదమును శాస్త్రబలముతో మాత్రమే త్రోసిపుచ్చలేదు. లోకవ్యవహారమునే ప్రమాణముగ చూపెను. రాజు ఎట్లు నడచునో ప్రజలు అట్లే నడచెదరు. తాను ఇచ్చిన మాట తప్పినచో లోకమంతయు ఇచ్చవచ్చినట్లు వర్తించును. లోకము సత్యముపై నిలిచియున్నది అని ఆయన సమాధానము. జాబాలి చెప్పినది ఒక్కని లాభమునకు సరిపోవు లౌక్యము. అది అందరును ఆచరించినచో లోకము నిలువదు. ఒకడు చేసిన లాభమై, అందరు చేసిన వినాశమగునది ఇంగితము కాజాలదు.

సముద్రతీరమున జరిగిన సభ

యుద్ధకాండములో విభీషణ శరణాగతి వైష్ణవులకు ప్రాణతుల్యమైన ఘట్టము. శరణాగత రక్షణమునకు ప్రమాణముగ ఆచార్యులు దానిని కొనియాడెదరు. ఆ ఘట్టమున మరియొక విశేషము కలదు. అది సామాన్య వివేకము కొలువుదీరిన సభ.

శత్రువు తమ్ముడు నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచి శరణు కోరెను. సుగ్రీవుడు ఇతడు మనలను చంపుటకే వచ్చెనని తలచెను. యుద్ధకాలమున అట్టి అనుమానము సహజము. పరీక్షించి గుణదోషములు చూచి స్వీకరింపవలెనని అంగదుడు, గూఢచారిని పంపి తెలిసికొనవలెనని శరభుడు, దేశకాలములు తగనివిగ నున్నవి కనుక శంకింపవలెనని జాంబవంతుడు, మెల్లగ ప్రశ్నించి భావము గ్రహింపవలెనని మైందుడు పలికిరి. వీరిలో ఎవరి మాటయు అవివేకము కాదు. ప్రతివాడును తన అనుభవము మేరకు చక్కగనే చెప్పెను.

హనుమంతుడు మాత్రము విభీషణుని స్థానమున నిలిచి ఆలోచించెను. ఎదుట వచ్చి నిలిచినవానిపై చారుని పంపుట ఎట్లు? హఠాత్తుగ ప్రశ్నింపబడిన మంచివాడు సహితము శంకించి ముడుచుకొనును గదా. రావణుని దౌష్ట్యమును, రాముని పరాక్రమమును చూచినవానికి వచ్చుటకు ఇదియే తగిన దేశము, ఇదియే తగిన కాలము. అతని పలుకునందు, ముఖమునందు దుష్టభావము లేదు. వాలి వధను, సుగ్రీవుని పట్టాభిషేకమును విని అతడు రాజ్యమును కోరి వచ్చియుండుటయు సంభవమే. ఇట్లు ఆంజనేయుడు విభీషణుని పూర్ణపురుషుని చేసి పొగడలేదు. అతని ఆశను సైతము దాచక చెప్పి, అయినను స్వీకార్యుడనెను. ముఖమును చూచి మనస్సు నెరుగుట ఇంగితజ్ఞానమని పైన చెప్పబడినది. దానికి హనుమంతునికంటె గొప్ప ఉదాహరణము లేదు. 1790లో ప్రకటించిన గ్రంథమున జర్మను తత్త్వవేత్త కాంట్ సైతము, ఇతరులందరి స్థానమున నిలిచి ఆలోచించుటను సామాన్య వివేకమునకు ముఖ్య సూత్రముగ చెప్పియుండుట గమనింపదగును.

అందరి మాటలు విన్న పిమ్మట శ్రీరాముడు తన వ్రతమును ప్రకటించెను. మిత్రభావమున వచ్చినవానిని దోషమున్నను విడువననియు, ఒక్కసారి శరణన్నవానికి సర్వభూతములనుండి అభయమిత్తుననియు పలికెను. అభయప్రదానము సభవారి తెలివిని దాటినది. కాని దానిని అవమానింపలేదు. స్వామి మొదట అందరి మాట వినెను. సుగ్రీవుని శంకను తేలికగ త్రోసివేయక, రాజకుటుంబములలో జ్ఞాతుల నడుమ భయశంకలు కలుగుట సహజమనియు, అందరు తమ్ములును భరతుని వంటివారు కారనియు లోకరీతినే చూపి సమాధానపరచెను. తుదకు విభీషణుని తోడ్కొనివచ్చు పనిని శంకించిన సుగ్రీవునికే అప్పగించెను. ఉత్తమ ధర్మము సామాన్య వివేకమును కాలదన్నదు. చేయిపట్టి ఒక మెట్టు పైకెక్కించును.

దమ్మక్క సేవ

ఈ వివేకము పండితులకును రాజులకును పరిమితము కాదనుటకు భద్రాద్రి స్థలగాథయే సాక్షి. భద్ర మహర్షి తపస్సునకు మెచ్చి శ్రీమన్నారాయణుడు చతుర్భుజములతో, శంఖచక్ర ధనుర్బాణములతో, వామాంకమున సీతమ్మతో, లక్ష్మణసమేతుడై వైకుంఠరాముడుగ వెలసెనని పురాణము. కాలాంతరమున ఆ మూర్తులు పుట్టలో మరుగుపడగా, వానిని వెలికి తీయు భాగ్యము భద్రారెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్క అను అడవిబిడ్డకు కలిగినది. స్వప్నమున స్వామి ఆజ్ఞ పొందిన ఆమె, ఊరివారి తోడ్పాటుతో గోదావరి నీరు తెచ్చి పోసి ఆ పుట్టను కరిగించి మూర్తులను దర్శించెనని సంప్రదాయము. పిమ్మట తాటాకు పందిరి వేసి, అడవిలో దొరికిన తాటిపండునే నివేదించెనని చెప్పుదురు.

పుట్టను గునపముతో త్రవ్వినచో లోపలి మూర్తులకు దెబ్బ తగులును. నీటితో కరిగించినచో మన్ను జారిపోవును, మూర్తి నిలుచును. ఇది ఏ ఆగమపాఠమునను నేర్చుకొనవలసిన విద్య కాదు. మన్ను, నీరు ఎరిగిన చేతులకు సహజమైన తెలివి. పట్టుపీతాంబరములు సమకూడువరకు స్వామిని ఎండలో నుంచలేదు. పంచభక్ష్యములు సమకూడువరకు పస్తుంచలేదు. ఉన్నదానితో ఇప్పుడే సేవింపవలెనను ఆ ఇంగితమే క్షేత్రమునకు మొదటి పునాది. కోయలు మొదలగు అడవిజనుల నేలపై ఈ క్షేత్రము వెలసినదను సంగతి ఆలయ గోపురమును చూచి మురియువారు మరువరాదు.

గోపన్న లెక్క

భద్రాద్రి చరిత్రలో లోకధర్మమునకు కఠిన పరీక్ష కంచర్ల గోపన్న జీవితమున జరిగినది. నేలకొండపల్లి వాసియగు గోపన్న 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. అప్పటి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా. జనులు ఆయనను తానీషా యని వ్యవహరించెదరు. ఆయన 1672 నుండి 1687 వరకు రాజ్యమేలెను. ఆ కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్నలు గోపన్నకు బంధువులు.

దమ్మక్క పందిరిలోని స్వామికి గుడి లేకుండుట చూచి గోపన్న హృదయము కరిగెను. విరాళములు చాలలేదు. వసూలైన శిస్తును గుడికి వెచ్చింపుమని, పంటలు చేతికి వచ్చిన పిమ్మట ఆ సొమ్మును తామే తీర్చెదమని ఊరివారు విన్నవించిరని ఒక కథనము. గోపన్న సుల్తాను అనుమతి పొందకయే సుమారు ఆరు లక్షల సర్కారు సొమ్మును ఆలయమునకు, ఆభరణములకు వినియోగించెననియు, తత్ఫలితముగ గోలకొండ కారాగారమున పన్నెండు సంవత్సరములు గడపెననియు ప్రసిద్ధి.

ఇచట భక్తుడు ఒక్క క్షణమాగి నిష్పక్షపాతముగ విచారింపవలెను. ఊరివారి మాటలో వివేకము కలదు. తమ చెమటతో పండిన పంటనుండి పోవు శిస్తు, తమ ఊరి దేవుని నీడకు ఉపయోగపడవలెనని వారు కోరుట సహజము. గోపన్న సంకల్పము పవిత్రము. తన ఇంటికి ఒక్క వరహా కొనిపోలేదు. కాని సుల్తాను ప్రశ్నయందును వివేకము కలదు. అప్పగించిన సొమ్మును అడుగక వెచ్చించు అధికారి పని మంచిదే యైనను, రేపు మరియొక అధికారి అదే త్రోవన చెడుపని చేసినచో ఏమని ఆపగలరు? 'మంచి పనికే గదా' అను మాట ప్రతి ఖజానా తలుపును తెరచు తాళపుచెవి యైనచో రాజ్యము నిలువదు. శ్రీరాముడు జాబాలికి చెప్పిన సమాధానమే ఇచట భక్తునికిని వర్తించును. ఎంత ఉత్తముడు చేసినను, అందరును చేసిన లోకమునకు ముప్పు తెచ్చు పని శంకింపదగినదే.

రాజపక్షమునను లోపము లేకపోలేదు. లెక్క అడుగుట ధర్మము. లెక్క పేర ఏండ్ల తరబడి దెబ్బలు కొట్టించుట ధర్మము కాదు. తప్పు చేసినవాని తప్పును మాత్రమే చూచి, అతని హృదయమును చూడని దండనము ఇంగితము లేని దండనము. గోపన్న రాముని సేవను చూచెను, రాజు సొమ్మును పరకాయించి చూడలేదు. రాజభటులు సొమ్మును చూచిరి, మనిషిని చూడలేదు. చిప్పలో వెండిని చూచినవానివలె, ఇరుపక్షములును చూచినది నిజమే, విడిచినది ఎక్కువ.

కారాగారమున గోపన్న రామదాసు కీర్తనలుగ జనుల నోట నిలిచిన పాటలు పాడెను. వానిలో ఒకటి విచిత్రమైనది. భరతునికి చేయించిన పచ్చల పతకమునకు పదివేల వరహాలు పట్టినదని చెప్పి, స్వామి పరివారమునకు చేయించిన నగలను, వాని వెలలను వరుసగ స్వామికే అప్పజెప్పును. ఇంత చేసినను తనను విడిపింపవేమని నిష్ఠురములాడి, తుదకు దెబ్బలకోర్వలేక తిట్టితినని క్షమాపణ వేడుకొనును. తహసీలుదారు చేతి లెక్కపుస్తకము భక్తుని నోట కీర్తనగ మారినదని చెప్పదగును. నింద, ప్రేమ, లెక్క మూడును ఒకే పాటలో కలసియుండుటచేతనే సామాన్యుడు ఆ పాటను తన పాటగ భావించెను.

రసీదు చెప్పు ధర్మము

తరువాతి గాథ ప్రతి తెలుగింటికిని పరిచితము. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అను ఇరువురు యువకులు తానీషా శయనాగారమునకు వచ్చి, గోపన్న చెల్లింపవలసిన ఆరు లక్షల మొహరీలను రాశిగ పోసి, చెల్లు రసీదు వ్రాయించుకొని, ఆ రసీదును కారాగారమున గోపన్న దగ్గర ఉంచి అంతర్ధానమైరి. తెల్లవారగ సుల్తాను వచ్చినవారెవరో గ్రహించి గోపన్నను గౌరవముతో విడుదల చేసెను.

ఇది చరిత్రపత్రములలో వెదకవలసిన సంఘటన కాదు. భక్తజన సంప్రదాయము శిరసావహించిన గాథ. అయినను ఆ గాథ ఎట్లు నడచినదో శ్రద్ధగ గమనింపవలెను. భక్తుని విడిపింపవలెనన్న స్వామికి త్రోవలనేకము కలవు. చక్రము ప్రయోగింపవచ్చును. చెరసాల తలుపులు తమంత తాము తెరచుకొనవచ్చును. రాజు భయకంపితుడై శరణు వేడవచ్చును. పురాణములలో అట్టి కథలకు కొదువ లేదు. కాని తెలుగు జనులు చెప్పుకొన్న కథలో రాముడు అట్లు చేయలేదు. బాకీ చెల్లించెను. రసీదు తీసికొనెను.

దీనిలో మూడు ధర్మములు ఇమిడియున్నవి. మొదటిది: గుడికి వెచ్చించినను బాకీ బాకీయే. దేవుని పేరు చెప్పిన మాత్రమున అప్పు రద్దు కాదు. తనకై చేసిన అప్పును దేవుడే తీర్చవలసివచ్చెను. రెండవది: రాజు అన్యమతస్థుడైనను అతని న్యాయమైన రాబడి న్యాయమైనదే. సొమ్ము ఎవరిది అను ప్రశ్నకు మతభేదము లేదు. మూడవది: చెల్లించినచో చాలదు, చెల్లించినట్లు నిదర్శనముండవలెను. సర్వజ్ఞుడగు స్వామికి కాగితముతో పని యేమి? ఆ రసీదు ఆయన కొరకు కాదు, లోకము కొరకు. నలుగురి నడుమ నిలుచు నిదర్శనము లేని సత్యము ఒక్కని మనస్సులోనే మిగిలిపోవును.

ఇంతకంటె హృదయమును కదలించు అంశము మరియొకటి కలదు. ఆ రాత్రి స్వామి దర్శనము కలిగినది ఎవరికి? పన్నెండేండ్లు పిలిచిన భక్తునికి కాదు, బాకీ అడిగిన సుల్తానునకు. విడుదలైన గోపన్న తానీషా భాగ్యమును తలచుకొని, తనకు ఆ దర్శనము కలుగలేదే యని విలపించెనని సంప్రదాయము చెప్పును. తనకు రావలసినదానిని అడుగుట పాపము కాదు. అట్లడిగినవాని యెదుటను రాముడు నిలుచును అని జనుల హృదయము ఈ గాథలో తెలిపినది.

1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను వశపరచుకొనినవి. కుతుబ్ షాహీల రాజ్యము అంతరించినది. కాని తానీషా కాలమునుండి వచ్చినదని చెప్పబడు ఆచారము మాత్రము నిలిచినది. ఏటేట శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పింపబడుచున్నవి. రాజులు పోయిరి, నిజాము పాలన పోయినది, ప్రజాప్రభుత్వములు వచ్చినవి, తలంబ్రాలు ఆగలేదు. ఆనాడు గోపన్న అనుమతి లేక రహస్యముగ వెచ్చించిన ఖజానా సొమ్ము, నేడు వేలాది జనుల యెదుట బహిరంగముగ స్వామికి చేరుచున్నది. కార్యము అదియే, మార్గము మారినది. అనుమతితో, లెక్కతో, అందరి కనులయెదుట జరిగిన దానము రాజునకును, ప్రజకును, దేవునకును సమ్మతమగును.

నేటి భక్తునకు

ఈ పాఠము రాజులకును తహసీలుదారులకును మాత్రమే కాదు. ఊరిలో భజనమందిరమునకు చందా వసూలు చేయువారు, ఉత్సవ సంఘములవారు, కుటుంబమున ఉమ్మడి సొమ్ము చేతబట్టినవారు అందరును గోపన్న స్థానముననే యున్నారు. 'స్వామి కార్యమే గదా, లెక్క యెందుకు' అను మాట భక్తివలె వినబడును గాని అది భక్తి కాదు. స్వామియే రసీదు తీసికొనెనని నమ్మువారు లెక్క చూపుటకు సంకోచింపరాదు. లెక్క అడిగినవానిని నాస్తికుడని నిందించుటయు తగదు.

యాత్రలోను ఇంగితము అవసరము. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింపబడును. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. హెచ్చరిక వెలువడిన పిమ్మట 'రాముడున్నాడు' అని స్నానఘట్టమున దిగుట విశ్వాసము కాదు. హెచ్చరించినవాని నోటను రాముడే యున్నాడని గ్రహించి, ఒడ్డుననే ఆ నీటిని శిరస్సున చల్లుకొని మ్రొక్కుట విశ్వాసము. వరదలో చిక్కినవానికి పడవ వేసికొని వెళ్లువారిని ఇబ్బంది పెట్టకుండుటయు భాగవత సేవయే.

నలుగురు ఒక మాటపై నిలిచినప్పుడు ఆ మాటను ఎట్లు పరీక్షింపవలెను? పైన చెప్పిన వృత్తాంతములనుండి మూడు ప్రశ్నలు ఏర్పడుచున్నవి. ఈ పని అందరును చేసినచో లోకము నిలుచునా? ఇది జాబాలికి చెప్పిన సమాధానమునుండి వచ్చిన ప్రశ్న. ఎదుటివాని స్థానమున నిలిచి చూచితినా? ఇది హనుమంతుడు నేర్పిన ప్రశ్న. దీని లెక్కను నలుగురియెదుట పెట్టగలనా? ఇది రామోజీ, లక్ష్మోజీలు విడిచివెళ్లిన రసీదు అడుగు ప్రశ్న. ఈ మూడింటికి నిలిచిన మాట లోకధర్మము. నిలువనిది గుంపులో గోవింద.

భక్తి మనుష్యుని లోకమునుండి వెలివేయదు. దమ్మక్క చేతిలోని కడివెడు నీటియందు, హనుమంతుని చూపునందు, ఒక అర్ధరాత్రి వ్రాయబడిన చెల్లుచీటియందు సామాన్యుని తెలివియే భగవత్సేవగ మారినది. భద్రాద్రి రాముని దర్శించువారు ఆ స్వామిని వరములతోపాటు ఇంగితమునుగూడ వేడుకొందురుగాక. వైకుంఠరాముని కృప సర్వులకు కలుగుగాక.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.